కళా సంస్థకు కొత్త కార్యదర్శి అయ్యారా? మొదటి ఏడాది పని ఇలా నేర్చుకోండి

గుంటూరులోనో విజయవాడలోనో ఒక నాటక పరిషత్తుకో, సంగీత సభకో, నాట్య సంస్థకో మిమ్మల్ని కార్యదర్శిగా ఎన్నుకున్నారనుకోండి. బహుశా మీరు నటులో, నాట్యం నేర్పే టీచరో, వీణ వాయించేవారో అయి ఉంటారు. కళ మీకు వచ్చు. హాలు బుక్ చెయ్యడం, దాత ఇంటికి వెళ్లి విషయం చెప్పడం, ఆడిటర్ అడిగిన కాగితం వెతికి ఇవ్వడం, ఇద్దరు పెద్దవాళ్ల మధ్య మాట పట్టింపు తీర్చడం మాత్రం మీకు ఎవరూ నేర్పి ఉండరు.

సంస్థలు పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. ప్రజానాట్యమండలి 1943 నాటిది. ఆ తరువాత గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. చాలావాటి కథ ఒకటే. ఒక మనిషి తన ఉద్యోగం, ఇల్లు పక్కనపెట్టి ఏళ్ల తరబడి మోస్తాడు. దాతల పేర్లు, న్యాయనిర్ణేతల ఫోన్ నంబర్లు, మైకుసెట్టు వాడితో ఉన్న పాత బాకీ, అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. ఆయనకు ఒంట్లో బాగాలేని ఏడాది నాటక పోటీలు జరగవు. డబ్బు లేక ఆగిపోయిన సంస్థల కంటే, పని తెలిసిన మనిషి వెనక ఇంకొకరు తయారుకాక ఆగిపోయినవే ఎక్కువని నా గట్టి నమ్మకం.

అందుకే ఈ ఏడాది మీ పని గొప్ప ఉత్సవం చెయ్యడం కాదు. ఆ తలలో ఉన్నది కాగితం మీదికీ, మరో ఇద్దరు ముగ్గురి చేతుల్లోకీ తేవాలి. పని తెలిసిన ఒక పెద్ద పక్కన నిలబడి పని నేర్చుకోవాలి. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు పాత కార్యదర్శి దగ్గర కూర్చోండి

ఎన్నికైన వారంలోపే ఆయన ఇంటికి వెళ్లండి. సభలో శాలువా కప్పినంత మాత్రాన బాధ్యత చేతికి వచ్చినట్టు కాదు. మొదట కాగితాలు అడగండి. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా (సంస్థ నియమావళి), సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకాలు, పాన్ కార్డు, పాస్‌బుక్, చెక్‌బుక్, వాడిన రసీదు పుస్తకాలు, వాడనివి, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన ఉత్తర్వులు. ఏవి చేతికి వచ్చాయో, ఏవి దొరకలేదో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆయన మీద అనుమానంతో చేస్తున్నది కాదని ముందే చెప్పండి. రేపు ఎవరైనా ఆయన్ను నిలదీస్తే ఆయనకే రక్ష ఆ కాగితం.

మన సంస్థల్లో చాలా వరకు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 పరిధిలోవే. ఆ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. చాలాచోట్ల ఇది ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంటుంది. మీ సంస్థలో ఎప్పటిదాకా దాఖలైందో చూసుకోండి. జాబితాలో మీ పేరు లేకపోతే ఖాతాలో సంతకం మార్చడానికి బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు, గ్రాంటు దరఖాస్తు దగ్గర కూడా ఇదే అడ్డు వస్తుంది.

ఇంకో చిన్న విషయం ఉంది, నెలల తరబడి ఇబ్బంది పెట్టేది ఇదే. సంస్థ బ్యాంకు ఖాతాకు, పన్ను పోర్టల్‌కు, మెయిల్‌కు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చి ఉందో కనుక్కోండి. పాత కోశాధికారి కూతురి దగ్గర బెంగళూరులో ఉంటూ, ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళుతుంటే మీ పని ఒక్క అడుగు కదలదు. సంస్థ పేరున ఒక సిమ్, ఒక మెయిల్ పెట్టి, అన్నిటినీ దానికి మార్పించండి.

కాగితాల పని అయ్యాక అసలు పని మొదలవుతుంది. పాత ఆహ్వానపత్రాలు ఉన్నన్ని బయటికి తీయించండి. వాటిని ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టి అడగండి. ఈ పేరు ఎవరిది? ఈ దాత మొదటిసారి ఎలా వచ్చారు? ఈ ఏడాది వేదిక ఎందుకు మారింది? ఈ నాటక సమాజం (బృందం) వరసగా మూడేళ్లు వచ్చి ఆ తరువాత ఎందుకు రాలేదు? "ఉన్న విషయాలన్నీ చెప్పండి మాస్టారూ" అంటే ఏ మాస్టారూ చెప్పలేరు. పాత కార్డు కళ్లముందు ఉంటే మాత్రం ఒక్కో పేరు వెనకా ఉన్న కథంతా బయటికి వస్తుంది. వినేటప్పుడు ఫోన్‌లో రికార్డు చెయ్యడానికి అనుమతి అడగండి. ఒక్క రోజులో తేలే పని కాదు, నాలుగైదు సాయంత్రాలు పెట్టుకోండి.

దాతల గురించి విన్నదాన్ని విడిగా ఒక పుస్తకంలో రాయండి. ఎంత ఇచ్చారన్నది రసీదులో ఎలాగూ ఉంటుంది. ఎందుకు ఇస్తున్నారన్నదే మీరు రాసుకోవాల్సింది. ఒకాయన తండ్రి పద్యనాటకాల్లో వేషాలు వేసేవాడు కాబట్టి ఇస్తాడు, ఆయనకు ఆ తండ్రి పేరు వేదిక మీద వినపడితే చాలు. ఒకామె కూతురు మీ వేదిక మీదే అరంగేట్రం చేసింది. ఒక మిల్లు యజమానికి కార్డు మీద పేరు అక్కర్లేదు, ముందు వరసలో నాలుగు కుర్చీలు కావాలి. ఈ సంగతులు తెలియకుండా చందాకు వెళితే, "కొత్త కుర్రాడికి మా సంగతి తెలియదులే" అనుకుంటారు, ఆ ఏడాదితో ఆ చెయ్యి ఆగిపోతుంది.

మార్గదర్శిని ఎంచుకోవడం

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. సొంత సంస్థ వ్యవస్థాపకుణ్నే మార్గదర్శిగా పెట్టుకుంటారు. ఆయన మీద గౌరవం ఉండాలి, ఆయన సలహా వినాలి. కానీ మీ సంస్థలో ఏది మారాలో ఆయన్ను అడగడం కష్టం, చెప్పడం ఆయనకూ కష్టం. మార్గదర్శి బయటి సంస్థ మనిషి అయితే మేలు. మీరు విజయవాడలో ఉంటే గుంటూరు నుంచో తెనాలి నుంచో, గుంటూరులో ఉంటే విజయవాడ నుంచో వెతకండి. గుంటూరు, విజయవాడల మధ్య దూరం సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లే, నెలకొకసారి వెళ్లి రావడం భారం కాదు.

ఎవరిని? పేరున్న మనిషి కోసం చూడకండి. ఈ నాలుగూ ఉన్న మనిషి కోసం చూడండి. కనీసం పదేళ్లు ఏటా తప్పకుండా ఉత్సవం జరిపించి ఉండాలి. లెక్కలు సభలో చదివి వినిపించే అలవాటు ఉండాలి. ఆయనతో పనిచేసిన కుర్రవాళ్లలో ఒకరిద్దరైనా ఇప్పుడు సొంతంగా పని చేస్తూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తన పోటీలలో ఓడిపోయిన సమాజాలు కూడా మళ్లీ ఆయన దగ్గరికి వస్తూ ఉండాలి. ఈ నాలుగోది ఉంటే మిగతావి ఉన్నట్టే.

మీ పోటీలకు ఆయన న్యాయనిర్ణేతగా వచ్చే అవకాశం ఉన్నా, ఆయన సమాజం మీ దగ్గర పోటీ పడుతున్నా ఆ ఏడాదికి వేరేవారిని చూసుకోండి. మన దగ్గర ఫలితాల మీద వచ్చే మాటలు త్వరగా పాకుతాయి.

లెక్కల కోసం ఇంకో మనిషి కావాలి. కళా నిర్వహణ తెలిసినవారికి లెక్కలు తెలియాలని లేదు. బ్యాంకులోనో బీమా కంపెనీలోనో పనిచేసి రిటైరైన, నాటకాలంటే ఇష్టమున్న మనిషి ప్రతి పేటలోనూ ఒకరు ఉంటారు. ప్రేక్షకుల్లో రెండో వరసలో ఆయన కనిపిస్తూనే ఉంటారు, మనమే ఎప్పుడూ పలకరించి ఉండం.

అడిగే తీరు గురించి ఒక మాట. "మీరు నాకు మెంటార్‌గా ఉండాలి సార్" అని అడిగితే ఏం చెయ్యాలో వారికే తెలియదు, మొహమాటానికి సరేనంటారు, తరువాత ఫోన్ ఎత్తరు. పని అడగండి. "గురువుగారూ, ఈసారి మీ పోటీలకు మొదటి మీటింగ్ నుంచి లెక్కలు ముగిసేదాకా మీ వెంట ఉంటాను. ఏ పని చెప్పినా చేస్తాను. నెలకొకసారి ఒక గంట నా సంస్థ గురించి మీతో మాట్లాడతాను. ఏడాది పాటు చాలు." ఇలా అడిగితే ఆయనకు ఎంత సమయం ఇవ్వాలో తెలుస్తుంది, ఎప్పుడు ముగుస్తుందో తెలుస్తుంది. కాదనేవారు తక్కువ.

మీరు యువతి అయితే, కలిసే చోటూ వేళా మీరే ముందుగా చెప్పండి. గ్రంథాలయంలో, సంస్థ ఆఫీసులో, కళాశాల ఆవరణలో పగటిపూట. రిహార్సల్స్ రాత్రి పొద్దుపోయేదాకా సాగే రంగం ఇది, అందులో మొహమాటం పెట్టుకోనక్కరలేదు. ఈ ప్రాంతంలో నాట్య పాఠశాలలు నడుపుతున్న స్త్రీలు చాలామంది ఉన్నారు. విద్యార్థుల తల్లిదండ్రులను ఒప్పించడం, అద్దె కట్టుకుంటూ సంస్థను నిలబెట్టడం, కూచిపూడి ప్రదర్శనకు ఆర్కెస్ట్రాను కుదుర్చుకోవడం, ఇవన్నీ వాళ్లు చేస్తున్న నిర్వహణే. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అంతే. అలాంటి ఒక టీచర్ దగ్గర నేర్చుకునేది ఏ పెద్ద పరిషత్తు కార్యదర్శి దగ్గర నేర్చుకునేదానికీ తీసిపోదు.

ఒక ఉత్సవం మొదలు నుంచి చివరిదాకా వెంట ఉండండి

ఈ ఏడాదిలో మీరు నేర్చుకునేదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే. అతిథిగా వెళ్లి ముందు కుర్చీలో కూర్చుంటే ఏమీ తెలియదు. నాటిక పోటీలు అనుకుందాం. పని ఆరు నెలల ముందు మొదలవుతుంది. ప్రకటన ఇవ్వడం, దరఖాస్తులు తీసుకోవడం, ప్రాథమిక పరిశీలనకు మనుషుల్ని పంపి నాటికలు చూసి రమ్మనడం, ఎంపిక. ఈ స్క్రూటినీకి వెళ్లేవాళ్లతో ఒక్కసారైనా వెళ్లండి. ఎక్కడో ఒక ఊళ్లో స్కూలు గదిలో, ట్యూబులైటు కింద, మేకప్ లేకుండా వేసిన నాటికను చూసి అది పెద్ద వేదిక మీద నిలబడుతుందో లేదో చెప్పడం గొప్ప విద్య. అది చూసే కళ్ల పక్కన కూర్చుని మాత్రమే వస్తుంది. ఎంపిక కాని సమాజానికి ఆ మాట ఎలా చెబుతారో కూడా వినండి. ఫోన్ చేసి కారణం చెప్పేవాళ్లున్నారు, అసలు జవాబే ఇవ్వనివాళ్లూ ఉన్నారు. మీరు మొదటి రకంలో చేరండి.

హాలు సంగతి. విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం నగరపాలక సంస్థ చేతిలో ఉంది. గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం, మొగల్రాజపురంలో సిద్ధార్థ ఆడిటోరియం ఉన్నాయి. గుంటూరులో శ్రీ వెంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, 2023 డిసెంబరులో నంది నాటకోత్సవం జరిగింది అక్కడే. ఏ హాలుకు ఏ గుణం ఉందో, ఏ లోటు ఉందో మీ మార్గదర్శికి తెలుసు. వేదిక లోతెంత, సెట్టింగ్ లారీ ఎక్కడిదాకా వస్తుంది, జనరేటర్ ఎవరు పెట్టుకోవాలి, గ్రీన్‌రూమ్‌లు ఎన్ని, ఆడవాళ్లకు వేరే గది ఉందా, ఎన్ని గంటలకు ఖాళీ చెయ్యాలి. అద్దె ఒక్కటే అడిగి వచ్చేస్తే మిగతావన్నీ ప్రదర్శన రోజున మీ నెత్తిన పడతాయి. ఆరుబయట వేదిక అయితే మైకుకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 తరువాత లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని నిబంధన ఉంది. అయిదు నాటికలు వరసగా వేయించే రాత్రి ఈ గడియారం చాలా ముఖ్యం.

ప్రదర్శన రోజుల్లో పొద్దున్నే హాలుకు చేరండి. జరిగినవి కాదు, మార్గదర్శి తీసుకున్న నిర్ణయాలు రాసుకోండి. విశాఖ నుంచి వచ్చే సమాజం రైలు రెండు గంటలు ఆలస్యమైంది. ఆయన వరస మార్చాడా, మధ్యలో పాటల కార్యక్రమం పెట్టాడా, సన్మానం ముందుకు జరిపాడా? వరస మార్చితే ముందు ఎవరితో మాట్లాడాడు? మేకప్ వేసుకోని సమాజాన్ని అప్పటికప్పుడు వేదిక ఎక్కించమంటే వాళ్లు ఏమన్నారు, ఈయన ఏం చెప్పి ఒప్పించాడు? భోజనాలు ఎందరికి చెప్పాడు, చివరికి ఎందరు తిన్నారు? ఆ రాత్రి ఇంటికి వెళ్లేముందు ఆయన్ను ఒక్క ప్రశ్న అడగండి. "ఇవాళ మీరు ఎక్కడ టెన్షన్ పడ్డారు?" జవాబు మీరు అనుకున్న చోటు కాకుండా ఇంకెక్కడో ఉంటుంది. మీరు మైకు ఆగిపోయినప్పుడు అనుకుంటారు, ఆయన ముఖ్య అతిథి ప్రసంగం ఇరవయ్యో నిమిషంలోకి వెళ్లినప్పుడు అంటారు.

ఆ ప్రసంగాల మాట కూడా చెప్పాలి. మన సభల్లో కళాకారుడి సమయాన్ని శాలువాలు తినేస్తున్నాయి. రాత్రి ఏడింటికి మొదలవ్వాల్సిన నాటిక ఎనిమిదిన్నరకు మొదలైతే, చివరి సమాజం సగం ఖాళీ కుర్చీల ముందు వేస్తుంది. ఎక్కడెక్కడి నుంచో ఖర్చు పెట్టుకుని వచ్చిన మనుషులకు అది అన్యాయం. నా మటుకు సన్మానాలన్నీ ఒక్క రోజున, ఒక్క అరగంటలో ముగియాలి. అతిథికి ఎన్ని నిమిషాలో పిలిచేటప్పుడే గౌరవంగా చెప్పాలి. దీన్ని అమలుచేసే పెద్దను ఎక్కడైనా చూస్తే ఆయన ఎలా చేస్తున్నాడో అక్షరం అక్షరం నేర్చుకోండి.

ఉత్సవం ముగిసిన తరువాత పది రోజులు చాలామంది మాయమవుతారు. మీరు ఉండండి. వోచర్లు సర్దడం, బాకీలు తీర్చడం, దాతలకు రసీదులూ ఫొటోలూ పంపడం, ఓడిన సమాజం నుంచి వచ్చిన కోపపు ఫోన్‌కు జవాబు చెప్పడం, ఇదంతా అప్పుడే జరుగుతుంది. నాయకత్వం ఎలాంటిదో ఈ పది రోజుల్లోనే తెలుస్తుంది.

డబ్బు దగ్గర తప్పనిసరిగా తెలియాల్సినవి

ఖాయంగా వచ్చిన డబ్బుకే ఖర్చు ఒప్పుకోండి. "ఇస్తానన్నారు" అన్నదాన్ని బడ్జెట్‌లో వేరే గడిలో రాయండి, దాని మీద హాలు అడ్వాన్సు కట్టకండి. చెక్కు మీద ఎప్పుడూ రెండు సంతకాలు ఉండాలి. కళాకారుల పారితోషికం ప్రదర్శన అయిన రాత్రే కవరులో గానీ ఖాతాలో గానీ చేరిపోవాలి. అతిథి మెమెంటో కొన్నారు గానీ హార్మోనిస్టుకు డబ్బు బాకీ పెట్టారన్న మాట మీ సంస్థ మీద రాకూడదు.

దాతకు పన్ను రాయితీ కావాలంటే మీ సంస్థకు 80జీ అని అందరూ పిలిచే అనుమతి ఉండాలి. దానికి కాలపరిమితి ఉంటుంది, గడువు ఎప్పుడో చూసుకుని ముందే దరఖాస్తు చెయ్యాలి. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే ఆ దాతకు రాయితీ రాదు. ఈ ఒక్క మాట ముందే చెబితే పెద్ద చందాలు వాటంతటవే బ్యాంకు ద్వారా వస్తాయి, మీ లెక్క కూడా శుభ్రంగా ఉంటుంది.

మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంస్థ విదేశీ మూలం నుంచి డబ్బు తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. మన ఊరివాడే కదా అనుకుని ఖాతా నంబరు పంపకండి. ముందు పాస్‌పోర్టు సంగతి అడగండి, అడగడంలో తప్పు లేదు.

కంపెనీల దగ్గరికి వెళ్లేవారికి: 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద ఖర్చు చెయ్యదగిన పనుల్లో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల ప్రోత్సాహం కూడా ఉన్నాయి. ఆ డబ్బు నేరుగా తీసుకోవాలంటే మీ సంస్థకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 నంబరు (ఈ డబ్బు తీసుకునే సంస్థలు కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర చేయించుకునే నమోదు), కనీసం మూడేళ్లు పనిచేసిన చరిత్ర ఉండాలి. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు, స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే దర్పణ్ పోర్టల్‌లో నమోదు అడుగుతారు. కేంద్ర సాంస్కృతిక శాఖకు గురుశిష్య పరంపర కోసం ఒక పథకం, ఉత్సవాలూ ప్రదర్శనల కోసం ఇంకొకటి ఉన్నాయి. తంజావూరులో ఉన్న దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మన రాష్ట్రమూ ఉంది, వాళ్ల ప్రకటనలు చూస్తూ ఉండండి. గ్రాంటు వస్తేనే ఉత్సవం అన్న స్థితిలో మాత్రం ఉండకండి, డబ్బు చేతికి వచ్చేసరికి ఎంతో కాలం పట్టవచ్చు.

నాటిక రచయిత అనుమతి లేఖ ఫైల్లో ఉండాలని ప్రతి సమాజాన్నీ అడగండి. ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోని ఔత్సాహిక బృందాలకు కాపీరైట్ చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నా, రాసిన మనిషిని అడిగి వేయడమే మర్యాద.

కార్యవర్గంతో

మీకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు మీ కార్యవర్గంలో ఉంటారు. వాళ్లను మీటింగులో ఒప్పించాలని చూడకండి. ముందు రోజు ఇంటికి వెళ్లో, ఫోన్ చేసో, "బాబాయిగారూ, రేపు ఈ మాట పెడుతున్నాను, మీరేమంటారు" అని అడగండి. అందరి ముందు కొత్త విషయం వింటే కాదనడం సహజం. ముందే విన్నవాళ్లు దాన్ని తమ మాటగా చెబుతారు, చెప్పనివ్వండి. మీటింగు గంటన్నర దాటకుండా చూడండి, ఏ పని ఎవరిది, ఎప్పటికి అన్నది మినిట్స్‌లో రాసి ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ఫలితాల మీద గొడవ ఎప్పుడో ఒకసారి వస్తుంది. న్యాయనిర్ణేతల మార్కుల పట్టికలను మూసిన కవర్లలో భద్రపరచండి. ఫిర్యాదు రాతలో ఇమ్మనండి, వారంలో జవాబు ఇవ్వండి. వేదిక దగ్గర, అర్ధరాత్రి, అలసిన మనుషుల మధ్య దేనికీ తీర్పు చెప్పకండి.

బయట దొరికే శిక్షణ

కళా సంస్థల నిర్వహణ నేర్పే కోర్సులు దేశంలో కొన్ని ఉన్నాయి. నాటక బృందాల కోసం ఇండియా థియేటర్ ఫోరం, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, జునూన్ అనే నాటక సంస్థ కలిసి రూపొందించిన స్మార్ట్ అనే కోర్సు అలాంటిది. ఆర్‌థింక్ సౌత్ ఏషియా పేరుతో కళా నిర్వాహకులకు ఒక ఫెలోషిప్ కార్యక్రమం కూడా నడిచింది. ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లో సాగుతాయి, దానికి భయపడకండి. సొంతంగా సంస్థ నడిపిన అనుభవం అక్కడ ఇంగ్లిష్ కంటే విలువైనది. అవకాశం వస్తే ఒక్కరే కాకుండా మీ సంస్థ నుంచి ఇద్దరు వెళ్లండి. ఒక్కరు నేర్చుకుని వస్తే తిరిగొచ్చాక వినే నాథుడు ఉండడు. మీ మార్గదర్శి పక్కన ఒక ఉత్సవం చేశాకే ఈ కోర్సుకు వెళితే, అక్కడ చెప్పే ప్రతి మాటా మీకు ఎక్కడో తగులుతుంది.

మీ వెనక మనిషిని ఇప్పుడే పెట్టుకోండి

అయిదేళ్ల తరువాత చూద్దాంలే అనుకోకండి. మొదటి నెలలోనే ఒకరిని ఎంచుకోండి. ఇంజనీరింగ్ కాలేజీ కల్చరల్ టీమ్‌లో పనిచేసిన అమ్మాయి కావచ్చు, మీ పోటీలకు ఏటా వచ్చి వెనక నిలబడి చూసే కుర్రవాడు కావచ్చు. కుర్చీలు వేయించడం, ఫ్లెక్సీలు కట్టించడం మాత్రమే చెబితే రెండో ఏడాది రారు. ఒక పని మొత్తంగా అప్పగించండి. బయటి ఊళ్ల సమాజాల వసతి, భోజనం, ప్రయాణం అనుకోండి, దానికి ఇంత బడ్జెట్ అని చెప్పి, ఆ డబ్బు ఖర్చు చేసే అధికారం కూడా ఇవ్వండి. వారానికొకసారి లెక్క చూడండి. మధ్యలో వచ్చి మీరే హోటల్‌కు ఫోన్ చెయ్యకండి. పొరపాటు జరిగితే కార్యవర్గం ముందు బాధ్యత మీరు తీసుకుని, విషయం తరువాత వాళ్లతో విడిగా మాట్లాడండి. పెట్రోలు, ఫోన్ ఖర్చు తప్పకుండా ఇవ్వండి. కళాసేవ పేరుతో చదువుకునే పిల్లల జేబు ఖాళీ చేయించడం మంచిది కాదు.

దాత ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లను వెంట తీసుకెళ్లండి. "ఇకమీదట ఈ అమ్మాయి కూడా మీకు ఫోన్ చేస్తుందండీ" అని పరిచయం చెయ్యండి. దాత నమ్మకం ఒక మనిషి మీద కాక సంస్థ మీద నిలవాలంటే ఇంతకు మించిన దారి నాకు కనిపించలేదు. ఏడాదిలో ఒక చిన్న కార్యక్రమాన్ని, ఒక సాయంత్రపు కచేరీనో, వర్ధంతి సభనో, వాళ్లకే పూర్తిగా వదిలేయండి.

మీ మార్గదర్శితో ఒప్పుకున్న ఏడాది ముగిసే వేళకు చివరిసారి కలిసి, ఏడాదంతా రాసుకున్న నోట్సు ఆయనకు చూపించండి. రానుపోను ఖర్చులు ఆయన మీద పడి ఉంటే ఇచ్చెయ్యండి. మీ రెండో ఉత్సవానికి వచ్చి, వేదిక ఎక్కకుండా ప్రేక్షకుల్లో కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పమని అడగండి.

ఇక మిగిలింది బైలా. కార్యదర్శి పదవికి కాలపరిమితి లేకపోతే, వరసగా రెండుసార్లకు మించి ఒకే మనిషి ఉండకూడదన్న సవరణ ప్రతిపాదించండి. సహాయ కార్యదర్శి పదవి లేకపోతే అది కూడా చేర్చండి. మీరు పదవిలో ఉండగా మీరే ప్రతిపాదిస్తే ఎవరూ వేరే ఉద్దేశం అంటగట్టలేరు. వచ్చే సర్వసభ్య సమావేశం నోటీసులో ఈ అంశాన్ని సవరణ పాఠంతో సహా ముందుగానే పంపండి, నెగ్గాక తీర్మానం నకలు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసి రసీదు ఫైల్లో పెట్టండి.